ఇంకొక్క పూత

టీచరమ్మ గారి అన్నయ్యకి లోకంలో ఏ చెడ్డ అలవాటూ లేదు. పొగ తాగడు, పేకాట ఆడడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, చేతిలో ఉన్న బొమ్మని పూర్తిచెయ్యడు. ఏడు వేసవులుగా అదే వరండా, అదే స్టాండు, దాని మీద అదే కాన్వాసు, ఎదురుగా అదే కొండ. ఎవరొచ్చి "అయిందా మాస్టారూ?" అని అడిగినా కుంచె చెవి మీద పెట్టుకుని, ఒక కన్ను మూసి, మెడ వంచి బొమ్మకేసి చూసి ఆయన చెప్పే జవాబూ అదే.

"ఆఁ, అయిపోయినట్టే. ఇంకొక్క పూత."

ఆ పల్లెలో ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. ఇంకొక్కపూత గారి ఇల్లు ఎక్కడంటే మాత్రం నిద్రలో లేపినా చెబుతారు. ఆయన మాట ఊళ్ళో ఎంత బాగా అతుక్కుందంటే, రొట్టెల కొట్టు ఆవిడ పొయ్యిలోంచి రొట్టె ఇంకా తియ్యకపోతే "ఇంకొక్క పూత ఉందండీ" అనేది. బడిపిల్లలు ఇంటిపని చెయ్యకుండా వచ్చి అదే మాట అంటే మేష్టరు నవ్వాపుకోలేక కొట్టడం మానేసేవాడు. వంతెన మరమ్మతు మూడేళ్ళుగా సాగదీస్తున్న కాంట్రాక్టరు కూడా ఆ మాట వాడబోయాడు గానీ, ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. అది మాస్టారి సొత్తు అన్నారు.

వింతేమిటంటే ఆయన ఒకప్పుడు ఇలాంటి మనిషి కాదు. పట్నంలో ఉండగా చెయ్యి పెడితే చాలు, బొమ్మ లేచి కూర్చునేది. పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టిన నది భోజనాల వేళకి గలగలా పారేది. క్యాలెండర్ల కంపెనీవాళ్ళు పన్నెండు దృశ్యాలు అడిగితే పదమూడు ఇచ్చి, "నచ్చనిదొకటి పారేసుకోండి" అనేవాడు. ఈ జబ్బు పట్టుకుంది ఈ వేసవి ఇల్లు కొనుక్కున్నాకే. ఇక్కడి గాలి పడలేదన్నారు కొందరు. మరీ ఎక్కువ పడిందన్నారు ఇంకొందరు. డెబ్బై ఒక్కేళ్ళొచ్చాయి, ఇంకేం చేస్తాడు పాపం అన్నారు మిగిలినవాళ్ళు.

ఇక టీచరమ్మ సంగతి. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, చివరి పదేళ్ళు హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుని, ఈ ఏడాదే రిటైరైన మనిషి. పనంటే గంట కొట్టేలోగా అయిపోవాలి. ఇన్నాళ్ళూ అన్నయ్య దగ్గరికి ఏడాదికోసారి వచ్చి రెండ్రోజులుండి వెళ్ళేది. ఈసారి వేసవంతా ఉంటానని రెండు పెట్టెలు, ఒక గొడుగు, ఒక ఈల తెచ్చుకుంది. ఈల ఎందుకని అన్నయ్య అడిగితే, "అలవాటు. మెళ్ళో లేకపోతే ఏదోలా ఉంటుంది" అంది.

వచ్చిన మర్నాడు పొద్దున్నే టీ కప్పు పట్టుకుని వెనక వరండా తలుపు తీసింది. తీసింది తీసినట్టే గుమ్మంలో నిలబడిపోయింది. ఎదురుగా తోట దాటాక నేల వాలుగా దిగుతోంది. వాలు అడుగున సెలయేరు. దాని మీద పొగమంచు, పాలు పొంగి ఆగినట్టుగా, అంచు దాటకుండా నిలిచి ఉంది. దాని వెనక కొండలు ఒకదాని వెనక ఒకటి మూడు వరసలు. మూడూ నీలమే, ఒకదాని నీలం ఇంకొకదానిది కాదు. గాలి వచ్చినప్పుడల్లా వాలు మీద గడ్డి పైనుంచి కింది దాకా వంగి లేస్తోంది. చప్పుడన్నది లేదు. ఆవిడ రెండ్రోజుల చుట్టపుచూపు మనిషిగా ఇన్నేళ్ళూ ఇక్కడ ఎనిమిదింటికి లేచి, తల దువ్వుకుని, ఆ కొండని ఫోటోలా ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఇంత పొద్దున్న ఇది ఇలా ఉంటుందని ఆవిడకి తెలియదు.

"అబ్బ! ఇదేం చోటన్నయ్యా!" అంది.

"ఆగవే, ఇంకా మొదలవలేదు," అన్నాడాయన, స్టాండు బిగిస్తూ.

అప్పుడు మూడో కొండ వెనకనుంచి ఎండ వచ్చింది. ముందు చెట్ల చివళ్ళు అంటుకున్నాయి. తర్వాత మంచులోకి వెలుగు దిగింది, దిగుతూ దిగుతూ సెలయేటిని ఒక చివరనుంచి ఇంకో చివరికి వెలిగించుకుంటూ పోయింది. టీచరమ్మ లెక్కల మనిషి, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం కాదు. అయినా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చూసుకుంటే చేతిలో టీ చల్లారిపోయింది.

అన్నయ్య మాత్రం చకచకా వేసేస్తున్నాడు. ఆ చెయ్యి చూస్తే వయసు జ్ఞాపకమే రాదు. కుంచె ఇలా తాకితే ఒక చెట్టు, అలా తాకితే దాని నీడ. గంటన్నరలో ఆ పొద్దుటి ఎండ కాన్వాసు మీదికి వచ్చి కూర్చుంది. "జబ్బు లేదు, పాడూ లేదు. ఇంతటి చెయ్యి పెట్టుకుని ఏడేళ్ళా!" అనుకుంది ఆవిడ.

పదింటికల్లా ఇద్దరు మనుషులొచ్చి వరండా బల్ల మీద చెరో చివరా కూర్చున్నారు. ఒకాయన తేనెటీగలు పెంచుతాడు, ఇంకొకాయన గొర్రెలు. సొంత అన్నదమ్ములు. ఎదురుగా కనిపిస్తున్న ఆ వాలంతా వాళ్ళ నాన్న ఇద్దరికీ కలిపి వదిలిపెట్టిన నేల. తేనెటీగలాయన పెద్దవాడు, బక్కగా పొడుగ్గా ఉంటాడు. గొర్రెలాయన పొట్టిగా గుండ్రంగా ఉంటాడు.

"అయిందా మాస్టారూ?" అన్నాడు పెద్దాయన.

"ఇంకొక్క పూత."

"విన్నావురా?" అన్నాడు తమ్ముడితో. "నిన్నా ఇదే మాట."

"నిన్నేంటన్నా, నా ముసలి గొర్రె పుట్టినప్పట్నుంచీ ఇదే మాట. అది తల్లయింది, అమ్మమ్మయింది, ఈయన బొమ్మ కాలేదు."

"పని దొంగ కాకపోతే ఏంటి!"

"ఆ కొండకే విసుగొచ్చి లేచిపోయేలా ఉంది."

ఇద్దరూ అలా గంటసేపు ఆయన ఎదురుగానే కూర్చుని ఆయన్ని ఏకిపారేశారు. ఒకడు మొదలుపెట్టిన తిట్టు ఇంకొకడు పూర్తిచేస్తాడు. చిత్రకారుడు చిన్నగా ఈల వేసుకుంటూ వేసుకుపోతున్నాడు. టీచరమ్మకి ఒళ్ళు మండింది గానీ, వాళ్ళన్నది నిజమే కాబట్టి నోరెత్తలేకపోయింది. "ఎంత కలిసికట్టుగా ఉన్నారు అన్నదమ్ములు!" అని మాత్రం అనుకుంది. వాలు మధ్యలో గడ్డి మొలిచిన రాళ్ళకుప్ప ఒకటి కనిపిస్తే అదేమిటని అడిగింది. ఆ ఇద్దరూ ఒకేసారి దగ్గారు. "అవా? రాళ్ళు," అన్నాడు అన్నయ్య.

ఆ సోమవారం నగరంలోని కొత్త చిత్రశాలనుంచి ఉత్తరం వచ్చింది. టీచరమ్మ చించి చదివి, కుర్చీలో కూలబడి, మళ్ళీ చదివింది. పెద్ద హాల్లో తొమ్మిదిమంది ప్రకృతి చిత్రకారుల బొమ్మలు ఒక్కొక్కటి చొప్పున ఏడాది పాటు ఉంచుతారట. ఎనిమిది వచ్చేశాయట. తొమ్మిదో చోటు ఈ బొమ్మ కోసం అట్టే పెట్టారట. శనివారం పొద్దున్న డైరెక్టరమ్మ స్వయంగా వ్యాను తెస్తుందట. అప్పటికి పూర్తికాకపోతే మాత్రం ఆ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదట.

అన్నయ్య కుర్రతనంలో అలాంటి హాళ్ళలో తన బొమ్మ ఉండాలని కలలుగన్నవాడే. నాన్న పోయాక ఆ కలలు కట్టిపెట్టి క్యాలెండర్లకి కొండలూ నదులూ వేశాడు. ఆ కొండల మీదా నదుల మీదా టీచరమ్మ చదువుకుంది. తోటివాళ్ళు పేర్లు తెచ్చుకుంటుంటే ఆయన ఏనాడూ కిమ్మనలేదు. అన్నయ్యకి దక్కవలసింది దక్కకుండా తాను పోకూడదని ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో ఆవిడకే తెలుసు. ఇదిగో, వెతుక్కుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యా, శనివారంలోగా తాడో పేడో తేలిపోవాలి!" అంది.

ఆయన ఉత్తరం చదివాడు. చాలాసేపు చదివాడు. కొండకేసి చూశాడు. మొహంలో ఒక్క క్షణం ఏదో కుర్రతనపు కళ వచ్చి పోయింది. తర్వాత ఉత్తరాన్ని జాగ్రత్తగా మడతపెట్టి రంగుల పెట్టెలో పెట్టుకున్నాడు.

"చూద్దాంలేవే. ఇంకొక్క..."

"ఆ మాట ఇంకోసారన్నావంటే ఈల ఊదేస్తాను!"

ఆ రోజునుంచి ఆవిడ కాపలా కాసింది. మంగళవారం పొద్దున్న ఆయన వాలు మీద పచ్చటి చెట్లు పదకొండు వేశాడు. ఆవిడ లెక్కపెట్టుకుంది. సాయంత్రం చూస్తే మూడే ఉన్నాయి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. మూడే. బుధవారం పొద్దున్న సెలయేటిలో వేసిన ఎండ సాయంత్రానికి మాయం. ఇదేదో తేల్చాలని గురువారం భోజనమయ్యాక తలుపు చాటున నిలబడి చూసింది.

అన్నయ్య అటూ ఇటూ చూశాడు. టర్పెంటైన్ సీసా మూత తీసి గుడ్డ తడిపాడు. పొద్దున్న తను వేసిన వెలుగునంతా, ఆ చెట్లనీ నీడలనీ, నెమ్మదిగా, పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచేశాడు. పూర్తిగా పోలేదు. లోపల ఎక్కడో రంగు కాస్త మిగిలిపోయింది. తుడిచి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, హాయిగా పడక్కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యో, అన్నయ్యకి మతి పోతోంది!" అనుకుంది టీచరమ్మ. ఇంతటి చెయ్యి, పొద్దున్న దేవుడు, మధ్యాహ్నానికి తను చేసింది తనే చెరిపేసుకునే వెర్రివాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని ఒక నిశ్చయానికి వచ్చింది. తుడిచేలోపల బొమ్మని ఆయన చేతుల్లోంచి లాగెయ్యాలి, అంతే.

శుక్రవారం పొద్దున్న అన్నయ్య ఎన్నడూ వెయ్యనంత అద్భుతంగా వేశాడు. పదకొండింటికి కుంచెలు కడుక్కోడానికి సెలయేటికి దిగాడు. ఆయన అటు దిగాడో లేదో, ఇటు ఆవిడ ముందే చెప్పి ఉంచిన ఫ్రేముల మేస్త్రి పక్క గేటులోంచి లోపలికొచ్చాడు. చల్లగా నిమిషాల్లో చెక్క బిగించి మేకులు కొట్టేశాడు. అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి బొమ్మకేసి చూశాడు. చూస్తూ నోట్లో పెట్టుకున్న ఆఖరి మేకు తియ్యడం మర్చిపోయాడు.

"ఏమయ్యా, మేకు మింగేవు!" అంది టీచరమ్మ.

"అమ్మా," అన్నాడు మేస్త్రి మేకు తీసి, "ముప్ఫయ్యేళ్ళుగా ఫ్రేములు కడుతున్నాను. బొమ్మలోంచి గాలి రావడం ఇదే చూడ్డం."

అప్పుడు ఆవిడా చూసింది. దగ్గరగా, మొదటిసారి, అన్నయ్య భుజం అడ్డం లేకుండా. ఆ మూడు కొండల నీలంలోకి చూపు వెళ్తే తిరిగి రావడం లేదు. ఒక నీలం కింద ఇంకో నీలం, దాని కింద ఎప్పటిదో ఒక పొద్దుటి గులాబి, అడుగున ఏ వేసవిదో వాన. తుడిచేసిన ప్రతి రోజూ ఎంతో కొంత అక్కడే ఉండిపోయింది. అది కొండ బొమ్మలా లేదు. ఏడు వేసవులపాటు ఎవరో కొండ ఎదురుగా కూర్చుని దాన్ని ప్రేమించినట్టుంది. ఆవిడ చేతులు రెండూ గుండె మీద పెట్టుకుని అలా ఉండిపోయింది.

తర్వాత ఉత్సాహం పట్టలేక గొడుగేసుకుని ఊరంతా తిరిగింది. మొదట ఆ అన్నదమ్ములకే చెప్పింది. ఏడేళ్ళుగా అడుగుతున్నది వాళ్ళే కదా మరి.

"అయిపోయిందండీ! బొమ్మ పూర్తయింది!"

తేనెటీగలాయన చేతిలో పెట్టె మూత ధన్‌మని పడింది. గొర్రెలాయన అన్నకేసి చూశాడు.

"నిజంగానేనా?" అన్నాడు పెద్దాయన, ఎవరో పోయారని విన్నట్టు.

"ఫ్రేము కూడా కట్టించేశాను!"

"అంత తొందరేమొచ్చిందమ్మా," అన్నాడు చిన్నవాడు.

టీచరమ్మకి ఏం అర్థం కాలేదు. ఇంటికొచ్చేసరికి అన్నయ్య వరండాలో ఫ్రేము ఎదురుగా నిలబడి ఉన్నాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు.

"వాళ్ళకి చెప్పావుటే?" అని మాత్రం అడిగాడు.

"ఊరంతా చెప్పాను!"

"ఊఁ," అని పడక్కుర్చీలో కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆయన ఈల వెయ్యలేదు. ఇంతకీ సంతోషించాడో, బాధపడ్డాడో ఆవిడకి అంతుపట్టలేదు.

శనివారం పొద్దున్న ఠంగ్ ఠంగ్ మన్న చప్పుడికి ఆవిడ వరండాలోకొచ్చి చూస్తే, వాలు మధ్యలో ఆ ఇద్దరూ ఉన్నారు. ఒకడి చేతిలో గునపం, ఇంకొకడి చేతిలో తాడు. పైనుంచి సెలయేటి దాకా వరసగా మేకులు పాతుతున్నారు. గడ్డి మొలిచిన రాళ్ళకుప్పని కెలికి రాళ్ళు తీస్తున్నారు. ఇద్దరి మొహాల్లోనూ నెత్తురుచుక్క లేదు. గొడుగు కూడా మర్చిపోయి టీచరమ్మ పరుగెత్తింది.

"ఏంటండీ ఇది?"

"గోడమ్మా," అన్నాడు గొర్రెలాయన నేలచూపులు చూస్తూ. "మాట ప్రకారం."

"ఏం మాట?"

గునపం ఆనుకుని పెద్దాయన చెప్పాడు. ఏడేళ్ళ కిందట వీళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. పెద్దాయన తేనెటీగలు చిన్నాయన గొర్రెపిల్లని కుట్టాయి. చిన్నాయన గొర్రెలు పెద్దాయన పెట్టెలు రెండు తన్నేశాయి. కొట్టుకోడం ఒక్కటే తక్కువ. నాన్న వదిలిన నేలని సగానికి కోసి తల కంటే ఎత్తుగా గోడ కట్టేద్దామని రాళ్ళు తోలించారు. మర్నాడు పునాది తియ్యాలి. అప్పుడు కొత్తగా ఇల్లు కొనుక్కున్న మాస్టారు కుంచె పట్టుకుని దిగి వచ్చాడు. "బాబూ, నేనిప్పుడే ఈ వాలు వెయ్యడం మొదలెట్టాను. మధ్యలో గోడ వస్తే నా బొమ్మ మట్టి కొట్టుకుపోతుంది. పూర్తయ్యేదాకా ఆగండి, పదిహేను రోజులు. పూర్తయిన మర్నాడే కట్టుకోండి" అన్నాడు. పెద్దమనిషి, అడిగాడు కదా అని ఇద్దరూ మాటిచ్చారు.

"అప్పట్నుంచీ అయిందా అయిందా అని కనుక్కోడానికి రోజూ రావడం. మొదట్లో నేను పొద్దున్న, వాడు సాయంత్రం. ఆయన ఎంతకీ తెమల్చడే! తిట్టాలంటే ఒక్కడి వల్ల అయ్యేపనా? చివరికి ఇద్దరం కలిసి వచ్చి తిట్టడం మొదలెట్టాం."

"ఇప్పుడు గోడ కావాలా మీకు?" అంది టీచరమ్మ.

పెద్దాయన అటు తిరిగి ఆవిడ చెవిలో, "నాకెందుకమ్మా. కానీ నేను ముందు వద్దంటే వాడికి లోకువైపోనూ?" అన్నాడు. చిన్నాయన ఇటు తిరిగి రెండో చెవిలో, "అన్న వద్దంటే నేనెప్పుడో వద్దందును. పెద్దవాడు, ఆయన నోటినుంచి రావాలి కదా" అన్నాడు.

టీచరమ్మకి అప్పుడు వెలిగింది. వెలగడమంటే మామూలుగా కాదు, ఆ పొద్దుటి కొండకి వెలిగినట్టు వెలిగింది. మతి పోవడమూ కాదు, గాలి పడకపోవడమూ కాదు. ఏడు వేసవులు! పొద్దున్న వేసి మధ్యాహ్నం తుడిచి, ఊరందరిచేతా నవ్వించుకుని, పని దొంగ అనిపించుకుని, ఆఖరికి జన్మంతా ఎదురుచూసిన పిలుపు గుమ్మంలోకి వస్తే దాన్ని మడిచి రంగుల పెట్టెలో దాచుకున్నాడు. తనేమో తగుదునమ్మా అని వచ్చి ఒక్క పూటలో ఫ్రేము కట్టించేసింది!

ఆవిడ మెళ్ళోని ఈల అందుకుని ఊదింది. సెలయేటి అవతల గొర్రెలు కూడా తలలెత్తాయి.

"పనాపండి! పూర్తయిందని నేనన్నాను. నేను లెక్కల టీచర్ని, బొమ్మల సంగతి నాకేం తెలుసు? నేల మీది, కళ్ళు మీవి. మీరొచ్చి చూసి పూర్తయిందో లేదో చెప్పండి. అప్పటిదాకా ఒక్క రాయి కదిలిందంటే ఊరుకోను!"

ఇద్దరూ గునపం, తాడు పారేసి వరండాలోకి వచ్చారు. ఏడేళ్ళుగా రోజూ వచ్చినా తిట్టే హడావిడిలో ఆ బొమ్మని వాళ్ళు సరిగ్గా చూసింది లేదు. ఇప్పుడు చూశారు. బొమ్మలో వాలు మీద తేనెపెట్టెల చుట్టూ గొర్రెలు మేస్తున్నాయి. ఒక గొర్రెపిల్ల పెట్టెకి వీపు ఆనించి నిద్రపోతోంది. నాన్న ఉన్నప్పుడు ఆ వాలు ఎలా ఉండేదో అలాగే ఉంది. చిన్నాయన టోపీ తీసేశాడు.

"ఇది... మన నేలే కదన్నా?"

"మనదేరా," అన్నాడు పెద్దాయన. ముక్కు ఎగబీల్చుకుని, ఒక్కసారిగా గొంతు పెంచాడు. "అయితే మాత్రం ఏంటి? ఆ గొర్రెకి మూడే కాళ్ళున్నాయి!"

"నాలుగోది గడ్డిలో ఉందయ్యా!" అన్నాడు చిత్రకారుడు కుర్చీలోంచి.

"మీరూరుకోండి మాస్టారూ! కనిపించని కాలు లేనట్టే. రాసుకోండి టీచరమ్మా, ఒకటి."

టీచరమ్మ అప్పటికే పుస్తకం తెరిచి పెన్సిలు పట్టుకుంది.

"మా అన్న పెట్టెలు తొమ్మిది. ఇక్కడ ఆరే ఉన్నాయి," అన్నాడు చిన్నాయన.

"మిగతా మూడూ చెట్టు వెనకున్నాయయ్యా బాబూ!"

"చెట్టెవరు వెయ్యమన్నారు? రెండు."

"మా ఇంటి చలిమంట గొట్టంలోంచి పొగ లేదు. మూడు."

"వేసవిలో పొగేమిటిరా!" చిత్రకారుడు లేచి నిలబడ్డాడు. ఏడేళ్ళుగా ఎన్ని తిట్లు తిట్టినా ఈల వేసుకున్న మనిషికి ఇప్పుడు పౌరుషం పొడుచుకొచ్చి మొహం ఎర్రబడింది. "ఇందులో ఇక వెయ్యడానికేమీ లేదు! పూర్తయింది! నేను చెబుతున్నాను, పూర్తయింది!"

"మీకేం తెలుసు!" అన్నారు ముగ్గురూ ఒక్కసారిగా.

పద్దెనిమిదో తప్పు దగ్గర వ్యాను వచ్చింది. డైరెక్టరమ్మ దిగుతూనే దారి గురించి, ఎండ గురించి, హాల్లో దీపాల గురించి గడగడా మాట్లాడుతూ మెట్లెక్కింది. బొమ్మ ఎదురుగా రాగానే మాట మధ్యలో ఆగిపోయింది. కళ్ళజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది. దగ్గరికెళ్ళింది, దూరం జరిగింది. వెనకాల పెట్టె మొయ్యడానికొచ్చిన డ్రైవరు పెట్టె దించడం మరిచి అలాగే నిలబడ్డాడు.

"ఇలాంటిది నేనెక్కడా చూడలేదు," అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "తీసుకెళ్ళచ్చా? పూర్తయినట్టేనా?"

ఇద్దరు అన్నదమ్ములూ బిక్కమొహాలతో టీచరమ్మకేసి చూశారు. చిత్రకారుడు నేలకేసి చూశాడు. కాలేదంటే అన్నయ్య చోటు పోతుంది. అయిందంటే ఈ ఇద్దరూ తిరిగి గునపం పట్టుకుంటారు.

"కాలేదండీ," అంది టీచరమ్మ. "పద్దెనిమిది తప్పులున్నాయి. ఇదిగో పట్టిక. దిద్దడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేం. కానీ ఇంత బొమ్మని జనం చూడకపోతే పాపం. మీరు తీసుకెళ్ళండి. కింద 'ఇంకా వేస్తున్నారు' అని రాసి పెట్టండి. ఏటా వేసవి మొదలవగానే వెనక్కి పంపెయ్యాలి, వేసవి అయ్యాక మళ్ళీ తీసుకుపోండి. కుదరదంటే చెప్పండి, ఇప్పుడే ఫ్రేము ఊడదీయిస్తాను."

డైరెక్టరమ్మ పట్టిక చదివింది. మూడుకాళ్ళ గొర్రె దగ్గర ఆవిడ పెదవి కదిలింది. బొమ్మకేసి, వాలు మీద పడున్న తాడుకేసి, ఆ ఇద్దరికేసి చూసింది. తెలివైన మనిషి.

"ఇంకా వేస్తున్న బొమ్మని పెట్టకూడదని రూలేమీ లేదు. నా ఉత్తరంలో ఉంది, అంతే. అది నేను మార్చుకోగలను," అంది.

బొమ్మని వ్యాను దాకా డ్రైవరు మోస్తానంటే అన్నదమ్ములు ఒప్పుకోలేదు. చెరో చివరా పట్టుకుని, "చూసి నడవరా", "నువ్వు చూసుకో అన్నా" అని కేకలేసుకుంటూ వాళ్ళే మోశారు. వ్యాను కనుమరుగయ్యాక టీచరమ్మ అన్నయ్య పక్కన వచ్చి కూర్చుంది.

"నాకు ముందే చెప్పి ఉండచ్చు కదా!"

"చెబితే ఆ ఇద్దర్నీ చెరో మూలా నిలబెట్టి గుణపాఠం చెప్పేదానివి. వాళ్ళు ఇంకా బిగుసుకుపోయేవాళ్ళు." ఆయన కుంచె వేళ్ళ మధ్య తిప్పాడు. "వాళ్ళకి కావలసింది పంచాయతీ కాదే. ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోకుండా కలిసి తిట్టడానికి ఇంకొకడు కావాలి. నేనెలాగూ ఖాళీయే కదా అనుకున్నాను."

టీచరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన చొక్కా చేతికంటిన నీలం రంగు గోకుతూ కూర్చుంది.

ప్రదర్శన మొదలైన రోజు నలుగురూ కలిసి నగరం వెళ్ళారు. తొమ్మిది బొమ్మల ముందూ జనం ఉన్నారు గానీ, ఈ బొమ్మ ముందు నిలబడ్డవాళ్ళు కదలడం లేదు. పసిపిల్లని ఎత్తుకున్న ఒకాయన ఊయలూపడం ఆపేశాడు. ఒక ముసలావిడ అరగంటనుంచి అక్కడే ఉంది. తేనెటీగలాయనా గొర్రెలాయనా బొమ్మకి చెరో పక్కా నిలబడి, వచ్చినవాళ్ళందరికీ నాలుగో కాలు లేని సంగతి చూపిస్తున్నారు. ఏడేళ్ళయినా తెమల్చని పని దొంగ ఎవరో వేలెత్తి మరీ చెబుతున్నారు, ఛాతీలు విరుచుకుని.

ఆ పని దొంగ హాలు చివర బెంచీ మీద చెప్పులు విడిచి కూర్చున్నాడు. టీచరమ్మ వెళ్ళి పక్కన చేరింది.

"అన్నయ్యా, నా మీద ఒట్టేసి నిజం చెప్పు. ఆ బొమ్మ అసలు ఎప్పుడు పూర్తయింది?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మొదటి వేసవిలోనే. పధ్నాలుగో రోజున."

"హవ్వ! ఎలా ఉండేది మరి?"

"బాగానే ఉండేదే. కానీ దాని ముందు ఎవరూ ఇలా ఆగేవాళ్ళు కాదు," అని ఆ ముసలావిడకేసి చూపించాడు. "వాళ్ళిద్దరూ రోజూ వచ్చి కూర్చోబట్టి నేనూ కూర్చున్నాను. కూర్చోబట్టి ఆ కొండని చూశాను. అంతకుముందు నేను కొండని సరిగ్గా చూడనేలేదని అప్పుడు తెలిసింది. నేనేదో వాళ్ళకి సాయం చేస్తున్నాననుకున్నాను, ఎంత బడాయో చూడు!"

అది విని టీచరమ్మ పకపకా నవ్వింది. ఎంత గట్టిగా నవ్విందంటే హాలు హాలంతా వెనక్కి తిరిగింది. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల నోళ్ళు మూయించిన ఆవిడ దగ్గరికి కాపలామనిషి వేలు పెదవి మీద పెట్టుకుని పరుగెత్తుకొచ్చి, "ఉష్! ఇక్కడ అల్లరి చెయ్యకూడదమ్మా" అన్నాడు. ఆవిడ బుద్ధిగా తలూపి, చేతులు కట్టుకుని, అన్నయ్య భుజానికి మొహం ఆనించి మిగతా నవ్వంతా నవ్వుకుంది.